మేధో వైకల్యం ఉన్నవారి ప్రవర్తన సవరణ: ఎక్కడ మొదలుపెట్టాలి

మేధో వైకల్యం ఉన్న వ్యక్తి అరిచినా, వస్తువులు విసిరినా, ఆ పని మాన్పించడం మీదికే అందరి దృష్టీ వెళ్తుంది. అయితే ఆ పని వల్ల ఆ వ్యక్తికి ఏం దక్కుతోందో తెలుసుకోకుండా మొదలుపెట్టిన సవరణ సాధారణంగా నిలవదు.

అంతకన్నా ముందు వైద్య పరీక్ష చేయించాలి. పంటి నొప్పి, చెవిపోటు, మలబద్ధకం, మందుల దుష్ప్రభావం వంటి బాధలను మాటల్లో చెప్పలేనివారు ప్రవర్తనతోనే తెలియజేస్తారు కనుక, ఉన్నట్టుండి మొదలైన మార్పును మొండితనంగా తేల్చేయడం అన్యాయం.

ఆ తర్వాత ఒకటి రెండు వారాల పాటు నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, ముందు ఏం జరిగింది, ఆ వ్యక్తి ఏం చేశారు, వెంటనే చుట్టూ ఉన్నవారు ఏం చేశారు అన్నవి రాయాలి. ‘కోపం వచ్చింది’ అని కాక ‘పళ్లెం నేలకేసి కొట్టారు’ అని కంటికి కనిపించినదే రాయాలి. మూడో గడి నింపడానికి చాలామంది వెనకాడతారు, అందులో ఉండేది తమ ప్రవర్తనే కాబట్టి. ఈ రాతలను బట్టి ఇతరుల దృష్టి, కోరిన వస్తువు, ఇష్టం లేని పని నుంచి తప్పించుకోవడం, ఆ చేష్ట వల్లే శరీరానికి కలిగే ఇంద్రియానుభూతి అనే నాలుగింటిలో ఏది కారణమో అంచనాకు వస్తుంది. కొన్నిసార్లు ఒకటికి మించి ఉంటాయి.

కారణం తెలిశాక, అదే ఫలితాన్ని తెచ్చిపెట్టే మరో మర్యాదైన మార్గం నేర్పాలి. పని తప్పించుకోవడానికి పళ్లెం విసిరేవారికి ‘కాసేపు ఆగుతాను’ అని సైగతోనో బొమ్మ కార్డుతోనో అడగడం నేర్పి, అడిగిన ప్రతిసారీ మొదట్లో తక్షణమే విరామం ఇవ్వాలి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ 1985లో ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతికి పునాది వేసింది. కొత్త మార్గం అలవాటయ్యాక విరామానికి ముందు చేయవలసిన పనిని కొద్దికొద్దిగా పెంచవచ్చు.

పాత ప్రవర్తనకు ఫలితం అందకుండా చేస్తే అది తగ్గేముందు కొంతకాలం ఉధృతం కావచ్చు. ఆ దశలో ఇంట్లో ఒక్కరు లొంగినా, ఇంకా గట్టిగా చేస్తే దక్కుతుందన్న పాఠమే మిగులుతుంది. తలను గోడకు కొట్టుకోవడం వంటి స్వీయ హాని విషయంలో మాత్రం నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఈ ప్రయత్నం చేయరాదు.

మెచ్చుకోలు, బహుమానం ఆ వ్యక్తి ఇష్టానికీ వయసుకూ తగినవై ఉండాలి. నలభై ఏళ్ల మనిషికి పసిపిల్లల స్టిక్కర్లు అంటించడం సవరణ కాదు, చిన్నబుచ్చడం. దండన భయాన్ని నేర్పుతుందే తప్ప చేయవలసిన పనిని నేర్పదు.

మొదటి వారంలో ఆ ప్రవర్తన ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్కతో తరువాతి వారాలను పోల్చాలి. తగ్గుదల లేకపోతే బహుమానాన్ని పెంచకుండా, కారణం గురించి వేసిన అంచనానే మళ్లీ పరిశీలించాలి.