వృద్ధాశ్రమంలో పాడబోతున్నారా? ముందు వాళ్ళ వయసులు అడగండి

ఓల్డేజ్ హోమ్‌లో పాటల ప్రోగ్రామ్ అనగానే చాలామంది ఒకేరకం లిస్టు రాసుకొస్తారు. మూడు అన్నమయ్య కీర్తనలు, రెండు రామదాసువి, చివర్లో ఒక భజన. పెద్దవాళ్ళంటే దేవుడి పాటలే వింటారని మన లెక్క. ఆ పాటలు వాళ్ళకి హాల్లో టీవీలో పొద్దున్నా సాయంత్రమూ వినపడుతూనే ఉంటాయి. పనిగట్టుకుని వెళ్ళి మళ్ళీ అవే వినిపించడం దేనికి?

నేను విజయవాడలో బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నేను హార్మోనియం వాయిస్తాను, మా ఆడపడుచు పాడుతుంది, మా వీధిలో కుర్రాడొకడు తబలా పట్టుకొస్తాడు. చుట్టుపక్కల ఆశ్రమాలకి కొన్నేళ్ళుగా వెళ్తున్నాం. పాటలు ఎలా ఎంచుకుంటామో చెప్తాను, మీకు నచ్చింది తీసుకోండి.

పాటల పుస్తకం తెరిచేముందు ఆశ్రమం మేనేజరుకి ఫోన్ చెయ్యండి. అక్కడివాళ్ళ వయసులెంత, ఏ ఊళ్ళవాళ్ళు, ఎంతమందికి వినికిడి సమస్య ఉంది, మతిమరుపు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఇందులో వయసు ముఖ్యం. ఎవరికైనా గట్టిగా గుర్తుండే పాటలు పదిహేనేళ్ళకీ పాతికేళ్ళకీ మధ్య విన్నవే. ఇక్కడే చిన్న లెక్క వేసుకోవాలి. ఇప్పుడు ఎనభై ఏళ్ళున్న మామ్మగారు 1945 ప్రాంతంలో పుట్టారు. 1957లో 'మాయాబజార్' వచ్చేనాటికి ఆవిడ పన్నెండేళ్ళ పిల్ల, 1964లో 'మూగమనసులు' వచ్చేనాటికి పెళ్ళీడుకొచ్చారు. ఆవిడకి ఘంటసాల, సుశీల, లీల. ఆవిడ పక్క కుర్చీలో డెబ్బై ఏళ్ళాయన ఉన్నారనుకోండి, 1974లో ఘంటసాల పోయేనాటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు. 'శంకరాభరణం' 1980లో వచ్చినప్పుడు పాతికేళ్ళు, కొత్తగా ఉద్యోగం, చేతిలో టిక్కెట్టు డబ్బులు. ఆయన బాలు మనిషి. ఇద్దరికీ తెల్లజుట్టే కదా అని 'మల్లీశ్వరి' కాలం పాటలే అన్నీ పెట్టారంటే ఆయనకి వాళ్ళమ్మ పాటలు వినిపించినట్టే. వినరని కాదు, వింటారు, కానీ గొంతు కలపరు.

గొంతు కలపడమే నాకు ముఖ్యం. పాట ఎంత గొప్పదన్నది రెండో సంగతి. పల్లవి రెండోసారి వచ్చేసరికి హాల్లో నలుగురు అందుకోగలరా లేదా అన్నదే నేను చూసేది. అందుకే గమకాలూ సంగతులూ దట్టించిన పాటలు, మా ఆడపడుచుకి ఎంత సరదా ఉన్నా, ఒకటికి మించి పెట్టనివ్వను. ఆవిడ అలుగుతుంది, అది వేరే విషయం.

యుగళగీతాలు పాడటానికి మొహమాటపడకండి. 'లాహిరి లాహిరి', 'రావోయి చందమామ' లాంటివి మొదలుపెట్టగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునే మామ్మగార్లని ప్రతి ఆశ్రమంలోనూ చూశాను. మన ఎదురుగా కూచున్నది ఒకప్పుడు నేల టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసొచ్చి, దారంతా పాడుకుంటూ ఇంటికి నడిచినవాళ్ళే.

వయసు తర్వాత ఊరు. కోస్తా పల్లెల్లో పెరిగిన మగవాళ్ళు ఉంటే నాటకం పద్యాలు తప్పకుండా పెట్టుకోండి. తెనాలి వైపు నుంచి వచ్చిన తాతగారొకరు మేము ఏం పాడినా తల ఎత్తేవారు కాదు, మోకాళ్ళ మీది తువ్వాలు మడతలు పెడుతూ కూచునేవారు. ఒకసారి మా ఆడపడుచు తిరుపతి వేంకట కవుల 'బావా ఎప్పుడు వచ్చితీవు' ఎత్తుకుని, మొదటి పాదం సగంలో కావాలనే ఆగింది. నేను హార్మోనియం మీద అదే స్వరం పట్టుకుని ఉంచాను. తువ్వాలు మడత సగంలో ఆగింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని 'సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్' అని అందుకుని, మిగిలిన పద్యమంతా చదివి, చివర రాగం తియ్యడం మొదలుపెట్టారు. ఊపిరి చాలడం లేదు, అయినా ఆపరు. వెనకనుంచి ఎవరో 'వన్స్ మోర్' అన్నారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. పద్యానికి తాళం గొడవ లేదు, ఎవరి ఊపిరిని బట్టి వాళ్ళు చదువుకోవచ్చు. పెద్దవాళ్ళ చేత పాడించడానికి అంతకన్నా వీలైనది ఇంకోటి లేదు.

తెలంగాణ ఆడవాళ్ళు ఉన్నచోట బతుకమ్మ పాటలు అందుకోండి. ఒకరు చరణం చెప్తుంటే మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అంటే చాలు, మాటలు మర్చిపోయినవాళ్ళు కూడా పాటలో ఉంటారు. చప్పట్లు ఎలాగూ వస్తాయి. హైదరాబాదు పాతబస్తీ వైపు పెరిగినవాళ్ళకి రఫీ, తలత్ పాడిన హిందీ పాటలు ఒకటి రెండు సిద్ధంగా ఉంచుకోవాలి. చర్చివాళ్ళు నడిపే ఆశ్రమమైతే అక్కడ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉంటుంది. ఏ కీర్తన ఇష్టమో ముందే కనుక్కుంటే చాలామంది నంబరుతో సహా చెప్తారు. అన్ని మతాలవాళ్ళూ ఉన్నచోట భక్తి పాటలు తగ్గించి సినిమా పాటలు పెంచడం తేలిక.

శ్రుతి సంగతి చాలామంది పట్టించుకోరు. వయసు మీదపడేకొద్దీ ఆడవాళ్ళ గొంతు కిందికి దిగుతుంది. సుశీలగారు పాడిన శ్రుతిలోనే మీరూ పాడితే అక్కడి మామ్మగార్లకి పైస్థాయి అందదు, రెండు లైన్లకే ఊరుకుంటారు. మా ఆడపడుచు మామూలుగా ఐదున్నర శ్రుతిలో పాడుతుంది. ఆశ్రమంలో నాలుగుకి దించుతాం. పాడేవాళ్ళకి కాస్త ఇబ్బందే, కానీ మనం వెళ్ళింది పోటీకి కాదు కదా. వేగం కూడా ఒక పిసరు తగ్గించండి. మరీ తగ్గిస్తే ఏడుపుపాట అయిపోతుంది. కరోకే ట్రాకుతో వచ్చిన చిక్కు ఇదే. శ్రుతిని యాప్‌లో మార్చుకోవచ్చు గానీ, ఒకావిడ చరణం మధ్యలో ఆగి ఆలోచించుకుంటుంటే ట్రాకు ఆగదు. హార్మోనియం ఆగుతుంది. వీలైతే పాటకి ముందు రికార్డులో వచ్చే సంగీతం ముక్కని ఉన్నదున్నట్టు వాయించండి. పాట పేరు చెప్పక్కర్లేదు, ఆ ముక్క వినగానే హాల్లో సగంమంది పాటలోకి వచ్చేస్తారు.

పాడకూడనివి కూడా ఉన్నాయి. ఘంటసాల భగవద్గీత ఎంత గొప్ప రికార్డయినా, మన ఊళ్ళల్లో అది మైకులో వినపడిందంటే 'ఎవరు పోయారు?' అని అడుగుతారు. ఆశ్రమంలో దాని జోలికి పోకండి. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలూ అంతే. కన్నపిల్లలు వదిలేసిన తల్లిదండ్రుల మీద వచ్చిన పాటలు అసలే వద్దు. మనం జాలిపడుతున్నామని వాళ్ళకి తెలియజెప్పడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు. జోలపాటలు మనకి చల్లగా అనిపిస్తాయి గానీ, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఆ హాల్లో ఉన్నారేమో మనకి తెలీదు, అందుకని వాటిని మనంతట మనం ఎత్తుకోం. వాళ్ళే అడిగితే మాత్రం ఏదైనా పాడతాం. కాటిసీను పద్యం కావాలని పట్టుబట్టే తాతగార్లు ఉంటారు, వాళ్ళకి కాదనడానికి మనమెవరం?

టైము సాయంత్రం నాలుగు, టీ తాగాక. భోజనం అవగానే పెడితే సగంమంది కునుకుతారు. మతిమరుపు ఉన్నవాళ్ళకి పొద్దుగూకేసరికి కంగారు ఎక్కువవుతుంది కాబట్టి ఐదున్నరలోపు సర్దేసుకోవాలి. ముప్పావుగంటకి ఏడెనిమిది పాటలు చాలు, ఎందుకంటే ప్రతి పాట తర్వాతా ఎవరో ఒకరు ఆ సినిమా ఏ హాల్లో చూశారో చెప్తారు. అది విన్నాకే తర్వాతి పాట.

స్పీకరు తీసుకెళ్తే సౌండు పెంచకండి. పెద్ద వయసులో ముందు వినపడకుండా పోయేది పైస్థాయి సన్నటి శబ్దాలు. సౌండు పెంచితే మాట స్పష్టంగా వినపడదు, తలనొప్పి వస్తుంది, చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్ళకి మరీ ఇబ్బంది. వినపడనివాళ్ళని ముందు వరసలో, పాడేవాళ్ళ మొహం కనపడేలా కూచోబెట్టండి. తబలా వెనక్కి. వంటింట్లో మిక్సీ కాసేపు ఆపమని అడగండి, ఆపుతారు.

పల్లవులు పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకటి చొప్పున ప్రింటు తీసుకెళ్తే పనికొస్తాయి. చరణాలు వెయ్యకండి, కళ్ళజోడు సర్దుకుని లైను వెతుక్కునేలోపు పాట వెళ్ళిపోతుంది.

ఇక చివర. 'నీ నామరూపములకు' అని మంగళం ఎత్తుకున్నారంటే అయిపోయిందని అందరికీ తెలుసు. చెప్పులు వెతుక్కుంటారు, ఆయాలు చక్రాల కుర్చీలు తిప్పుతారు. కాబట్టి ఇంకో పాట ఉందనగా పొరపాటున కూడా మంగళం పాడకండి. మంగళానికి ముందే నోటు పుస్తకం తీసి, వచ్చేసారికి ఎవరికే పాట కావాలో, అడిగినవాళ్ళ పేరుతో సహా రాసుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పేరు పెట్టి పిలిచి ఆ పాటతోనే మొదలుపెట్టొచ్చు. ఎలా పాడాలో తెలియని పాట అడిగితే ఆ పెద్దాయన్నే ఒక లైను పాడమని ఫోన్లో రికార్డు చేసుకోండి. మా తబలా కుర్రాడి ఫోన్ నిండా ఇప్పుడవే.