కుక్కల్లో ఛాతీ, పొట్ట నీరు తీయడం – 4వ పాఠం: తీసిన తరువాత వచ్చే చిక్కులు

ఛాతీలో నీటికి 7 నుంచి 9 వరకున్న పక్కటెముకల సందుల్లో, కింది మూడో వంతులో, ఎముక ముందు అంచును ఆనుకుని సూది గుచ్చాలని గత పాఠంలో చెప్పుకున్నాం. రక్తనాళాలు, నరం ఎముక వెనుక అంచు వెంబడి సాగుతాయి కాబట్టి అటు జరిగితే లోపల రక్తస్రావమవుతుంది. హైదరాబాద్‌లో పిడుదుల బెడద ఎక్కువ. వాటి ద్వారా వచ్చే ఎర్లికియా అనే బ్యాక్టీరియా సోకిన కుక్కకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) బాగా తగ్గిపోయి ఉండవచ్చు గనుక, ప్రాణాపాయ స్థితి కాకపోతే ఆ లెక్క చూడకుండా సూది పట్టవద్దు.

సిరంజిలోకి రక్తం వస్తే కంగారు పడకుండా అందులో కొంచెం ఒక ఖాళీ గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టండి. ఛాతీ లేదా పొట్ట కుహరంలో కొంతసేపు నిలిచిన రక్తం సాధారణంగా గడ్డకట్టదు. గడ్డకట్టిందంటే సూది నాళంలోకో, గుండెలోకో, ప్లీహంలోకో వెళ్లి ఉండవచ్చు, లేదా రక్తస్రావం అప్పుడే మొదలై ఉండవచ్చు.

పొట్ట నీరు తీయడం తేలికని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కొత్తలో, మలక్‌పేట నుంచి తెచ్చిన ఒక ముసలి లాబ్రడార్‌కు పొట్ట పూర్తిగా అణిగేదాకా ఒకే ఊపున నీరు తీశాను. "సార్, కడుపు తగ్గింది గానీ కుక్క లేస్తలేదు" అని యజమాని అనేసరికి చూస్తే, చిగుళ్లు తెల్లబడి, తొడ దగ్గర నాడి చేతికి అందీ అందనట్టుంది. నీటి ఒత్తిడి ఒక్కసారిగా తొలగడంతో పొట్టలోని నాళాల్లో రక్తం నిలిచిపోయి రక్తపోటు పడిపోయింది. సెలైన్‌తో ఆ కుక్క కోలుకుంది, కానీ ఆ చిగుళ్ల రంగు నాకు నేటికీ మరపునకు రాలేదు. అందుకే పొట్ట నుంచి ఊపిరి సులువయ్యేంత మేరకే, నెమ్మదిగా తీయండి. మాటిమాటికీ తీస్తే ఆ నీటితోపాటు ప్రోటీన్ కూడా పోతుంది.

ఛాతీ విషయం వేరు, అక్కడ వీలైనంత తీయాలి. అయితే వారాల తరబడి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి వేగంగా విచ్చుకుంటే, అరుదుగానైనా, దానిలోకే నీరు ఊరుతుంది. సూది మొన ఊపిరితిత్తిని గీస్తే గాలి బయటకు చేరి ఛాతీలో నిండుతుంది. చెస్ట్ ట్యూబ్ (ఛాతీలోంచి నీరు తీయడానికి అమర్చి ఉంచే గొట్టం) పెట్టిన కుక్క దాన్ని కొరికినా అదే ప్రమాదం కాబట్టి, నోరు గొట్టానికి అందకుండా మెడకు గరాటు లాంటి కాలర్ వేసి, గొట్టానికి రెండు చోట్ల క్లాంపులు బిగించి, కుక్కను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ట్యూబ్ ఉన్నందువల్లనే రోజుకు కిలో బరువుకు సుమారు 2 మి.లీ. ద్రవం ఊరవచ్చు, ఆ కొద్దిపాటి ద్రవం చూసి ట్యూబ్ తీయడం వాయిదా వేయనక్కరలేదు.

ఈ వారం అభ్యాసంగా, నీరు తీసిన ఒక కుక్కకు మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు ఊపిరి వేగం, చిగుళ్ల రంగు, నాడి ఒక పట్టికలో రాయండి. ఊపిరి వేగం తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతుంటే ఎక్స్‌రేకు పంపండి.