లాన్‌లో పొడుగుకాళ్ల దోమలా? మందు కొట్టే ముందు ఒక చదరపు అడుగు మట్టి తవ్వి చూడండి

బెంగళూరులో వానలు పట్టుకున్నాయంటే సాయంత్రం వరండా లైటు వేసిన పది నిమిషాలకల్లా గోడ మీద అవి వాలిపోతాయి. చూడ్డానికి అచ్చం దోమే, కాకపోతే కాళ్లు చాపుకుంటే ఐదు రూపాయల బిళ్లను దాటిపోయేంత పెద్దది. మేం సర్జాపూర్ రోడ్డు వైపు ఒక రో హౌస్‌లో ఉంటాం, ఇంటి ముందు చిన్న లాన్ ఉంది. మొదటి ఏడాది ఆ పురుగుల్ని చూసి మా పక్కింటావిడ "ఇంత లావు దోమ కుడితే డెంగ్యూ ఖాయం" అని భయపెట్టేసింది, మా చిన్నది ఆ రాత్రి బాత్రూమ్‌కి వెళ్లనని ఏడ్చింది, అదే వారం లాన్‌లో గడ్డి అక్కడక్కడా పసుపెక్కి ఎండిపోవడం మొదలైంది. ఈ రెండింటినీ కలిపేసుకుని టెన్షన్ పడి నేను పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాను. వాళ్లు పురుగేమిటో చూడకుండానే లాన్ అంతా ఏదో మందు కొట్టి డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. గోడ మీద పురుగులు మళ్లీ వచ్చాయి, గడ్డి ఎండుతూనే ఉంది, రోజూ పొద్దున్నే వచ్చే గోరింకలు మాత్రం కొన్ని వారాలు కనబడకుండా పోయాయి. అప్పటినుంచి ఈ విషయం మీద బాగా చదివాను, తవ్వి చూశాను. ఆ పొరపాటు ఇంకెవరూ చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ పురుగు సంగతి. ఇంగ్లిష్‌లో క్రేన్ ఫ్లై అంటారు, సారస కొంగకున్నట్టు పొడుగు కాళ్లు కాబట్టి ఆ పేరు. నేనిక్కడ పొడుగుకాళ్ల దోమ అనే రాస్తాను కానీ నిజానికి అది దోమ కాదు, కుట్టదు, రక్తం తాగదు, ఏ జబ్బూ మోసుకురాదు. పెద్దయ్యాక దాదాపుగా ఏమీ తినదు కూడా, ఓ పది పదిహేను రోజులు బతికి జతకట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దగ్గరగా చూడాలంటే ఒక గ్లాసు బోర్లించి పట్టుకోండి. ముఖానికి దోమకున్నట్టు సూదిలాంటి తొండం ఉండదు. వీపు మీద ఇంగ్లిష్ వీ ఆకారంలో ఒక గాడి ఉంటుంది. రెక్కల వెనకాల గుండుసూదుల్లాంటి రెండు చిన్న పుల్లలు కనబడతాయి, ఎగిరేటప్పుడు అదుపు తప్పకుండా ఉండేది వాటివల్లే. ఆడదానికి తోక కొస కొక్కెంలా మొనదేలి ఉంటుంది, అది ముల్లు కాదు, మట్టిలో గుడ్లు దించే గొట్టం. చెయ్యి తగిలితే కాలు ఊడి వచ్చేస్తుంది, పాపం, తప్పించుకోవడానికి దానికున్న దారి అదొక్కటే. డెంగ్యూ తెచ్చే దోమ ఇందులో పావు వంతు కూడా ఉండదు, నల్లని కాళ్ల మీద తెల్ల పట్టీలుంటాయి, అది పెరిగేది లాన్ మట్టిలో కాదు, నిలవ నీళ్లలో. భయపడాల్సింది పూలకుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లకి.

లాన్‌కి నష్టం చేసేది పెద్ద పురుగు కాదు, మట్టిలో ఉండే దాని పిల్ల. బూడిద, గోధుమ కలిసిన రంగు, కాళ్లుండవు, తలా తోకా తేడా తెలియని గొట్టంలా ఉంటుంది, చర్మం తోలులా గట్టిగా ఉంటుంది, అందుకే ఇంగ్లండులో దాన్ని లెదర్‌జాకెట్ అంటారు. అక్కడ ఇది ఎంత పెద్ద బెడదంటే 1935లో లార్డ్స్ క్రికెట్ గ్రౌండ్ గడ్డినే ఇవి తినేశాయి, ఆ ఏడాదే సౌత్ ఆఫ్రికా అక్కడ ఇంగ్లండుని ఓడించింది. యూరప్ నుంచి ఒక జాతి 1950ల్లో కెనడా తూర్పు తీరానికి, 1960ల్లో పడమటి తీరానికి చేరి, అక్కణ్నుంచి అమెరికా వాయవ్య రాష్ట్రాల లాన్‌లలో స్థిరపడింది. మీరు ఈ పురుగు గురించి వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ శాతం ఆ చల్లని, తడి ప్రాంతాల వాళ్లు రాసినవే. అవి తప్పు కావు, కానీ మన ఎర్రమట్టి లాన్‌కి యథాతథంగా అతికించుకుంటే దెబ్బతింటాం. మన వైపు కనబడే పొడుగుకాళ్ల దోమల్లో చాలావాటి పిల్లలు కుళ్లిన ఆకులూ, చిత్తడి మట్టీ చూసుకుని బతికేస్తాయి, అంటే ఎరువు తయారుచేసే పనిలో మనకి సాయం చేసేవే. గోడ మీద నాలుగు కనబడ్డాయంటే గడ్డిని అవే తింటున్నాయని అర్థం కాదు.

మరి గడ్డి ఎండేది ఎందుకు? బెంగళూరులో నేను మొదట అనుమానించేది వేరుపురుగుని, అంటే మట్టిలో ఉండి వేర్లు తినే పెంకు పురుగు పిల్లని. మాది చిత్తూరు జిల్లా, వేరుశనగ చేలల్లో ఈ పురుగు చేసే పని చిన్నప్పుడు చూసినవాణ్ని, పైకి పచ్చగా ఉన్న మొక్క ఓ పొద్దున తలవాల్చేస్తుంది, పట్టుకు లాగితే వేరు లేకుండా చేతికొస్తుంది. లాన్‌లోనూ అంతే.

కాబట్టి చేయాల్సిన మొదటి పని మందు కొనడం కాదు, తవ్వడం. ఎండిన మచ్చ మధ్యలో కాదు, మచ్చకీ పచ్చ గడ్డికీ సరిహద్దులో చూడాలి, ఎందుకంటే పురుగు తిన్నచోట ఉండదు, తింటున్నచోట ఉంటుంది. ముందు గడ్డిని పిడికిట్లో పట్టుకుని పైకి లాగండి. చాప లేచినట్టు లేచి వస్తే కింద వేర్లు పురుగులు తినేశాయని అర్థం. లేవకుండా గట్టిగా ఉందంటే పురుగు అయ్యే అవకాశం తక్కువ. తర్వాత పాత కత్తితోనో గునపంతోనో అడుగు పొడవు, అడుగు వెడల్పు చతురస్రం గీసి, మూడు వైపులా మూడంగుళాల లోతు కోసి, నాలుగో వైపుకి దుప్పటిలా మడవండి. మట్టిని వేళ్లతో నలుపుతూ చూడండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్క చతురస్రంలో తొమ్మిది దొరికాయి, తెల్లగా, లావుగా, సున్నా చుట్టినట్టు వంకర తిరిగి, గోధుమరంగు తల, ముందు వైపు ఆరు కాళ్లు, వెనక భాగం లోపలి మట్టి కనబడి నల్లగా మెరుస్తూ. అది వేరుపురుగు, పెంకు పురుగు పిల్ల. కాళ్లూ తలా లేకుండా బూడిద రంగు గొట్టంలా ఉంటే అది పొడుగుకాళ్ల దోమ పిల్ల. అనుమానంగా ఉంటే తోక వైపు చూడండి, మెత్తని చిన్న వేళ్లు నక్షత్రంలా విచ్చుకుని మధ్యలో కళ్లలాంటి రెండు నల్ల చుక్కలుంటాయి, ఊపిరి తీసుకునేది వాటితోనే.

తవ్వడం ఇష్టం లేకపోతే నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు గజం మేర పోసి పది నిమిషాలు ఆగండి. పొడుగుకాళ్ల దోమ పిల్లలు, ఆకు తినే గొంగళ్లు పైకి వచ్చేస్తాయి. వేరుపురుగు మాత్రం దీనికి లొంగదు, దానికి తవ్వాల్సిందే. వానపాములు కూడా వస్తాయి, వాటిని పక్క పాదులో వేసి, ఆ చోట మంచినీళ్లు పోసి కడిగేయండి.

లెక్క ముఖ్యం. ఒకటో రెండో కనబడితే ఏమీ చేయక్కర్లేదు, గోరింకలూ కొంగలూ చూసుకుంటాయి. అమెరికా వాయవ్య ప్రాంతంలో లెదర్‌జాకెట్లు చదరపు అడుగుకి పాతిక దాటితేనే చర్య గురించి ఆలోచిస్తారు, గడ్డి ఆరోగ్యంగా ఉంటే అంతకంటే ఎక్కువున్నా తట్టుకుంటుంది. వేరుపురుగైతే ఐదు నుంచి పది మధ్య ఉంటే పట్టించుకోవాలి.

ఏమీ దొరక్కపోతే? మట్టి ఎంత లోతు ఉందో చూడండి. కొత్త లేఅవుట్లలో చాలాచోట్ల ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కల మీద మూడంగుళాల ఎర్రమట్టి పరిచి గడ్డి అతికించేస్తారు. మార్చిలో అదే చోట మచ్చ పడుతుంది, ఏ మందూ పనిచేయదు, ఆ పెళ్లలూ ముక్కలూ తీసి మట్టి నింపాలి అంతే. పొద్దున మంచు తడిలో సాలెగూడులాంటి తెల్లని నూలు కనబడితే అది బూజు తెగులు కావచ్చు, సాయంత్రం నీళ్లు పెట్టడం ఆపి తెల్లవారుజామున పెట్టండి.

బూడిద గొట్టాలు నిజంగానే ఎక్కువగా దొరికితే నీళ్ల సంగతి చూడండి, ఎందుకంటే వీటి బలహీనత అక్కడే ఉంది. గుడ్లూ, అప్పుడే పుట్టిన పిల్లలూ పొడి మట్టిలో బతకలేవు. మా లాన్‌లో ఒకే మూల పొడుగుకాళ్ల దోమలు సాయంత్రం నేలకి ఆనుకుని తచ్చాడుతుండేవి, వెళ్లి చూస్తే వంటింటి ఆర్‌ఓ ఫిల్టరు వేస్ట్ పైపు ఆ మూలకే వదిలాం, రోజంతా చుక్కచుక్కగా కారి ఆ రెండు గజాలూ ఎప్పుడూ చిత్తడే. పైపుని బకెట్లోకి మళ్లించి, ఆ చోట తోట ఫోర్కుతో అరచేతి దూరానికొక పోటు పొడిచి, ఇసుక చల్లాం. తర్వాత ఆ మూల వాటి సందడి తగ్గింది. ఏసీ పైపు, మేడ మీంచి దిగే వాననీటి గొట్టం కూడా ఒకసారి చూసుకోండి. ఎండిన గడ్డి ముక్కలు, ఆకులు అట్టలా పేరుకుంటే గీరి తీసేయండి, గుడ్లకి తడి దాచి ఇచ్చేది అదే. ఇంత చేశాక మన దగ్గర మందు అవసరం పడటం అరుదు. పడితే దోమ పిల్లల మీద వాడే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వీటి మీదా పనిచేస్తుంది, కానీ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే.

వేరుపురుగు అలా లొంగే రకం కాదు. ఏప్రిల్, మే నెలల్లో తొలకరి జల్లు పడ్డ సాయంత్రం పెంకు పురుగులు మట్టిలోంచి గుంపుగా లేచి వేపచెట్టు మీదికి చేరతాయి, ఆకు తిని, జతకట్టి, తెల్లారేలోపు మళ్లీ మట్టిలో దిగి గుడ్లు పెడతాయి. వాటిని తేలిగ్గా పట్టుకోగలిగే రోజులు ఇవే. దీపం కింద వెడల్పు టబ్బులో సబ్బునీళ్లు పెట్టండి, చీకటి పడ్డాక చెట్టు కొమ్మ దులపండి, పడ్డవాటిని ఏరి అందులో వేయండి. ఇళ్ల వాళ్లు నలుగురు కలిసి వరుసగా నాలుగైదు సాయంత్రాలు చేస్తే ఆ ఏడాది పని సగం తగ్గుతుంది. ఇంకోటి, సగం మాగిన పేడ ఎరువు లాన్ మీద చల్లకండి. పెంకు పురుగులు గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది అలాంటి చోటే, పైగా ఎరువుతోపాటు పిల్లలు కూడా దిగుతాయి. బాగా మాగిందీ, జల్లెడ పట్టిందీ అయితేనే వేయండి.

మట్టిలో పిల్లలు చేరిపోయాక మెటారైజియం అనే ఫంగస్ పొడి వాడొచ్చు, లేదా పురుగుల్ని తినే నులిపురుగులు (నెమటోడ్లు) వాడొచ్చు. హెబ్బాళ దగ్గరున్న వ్యవసాయ కీటకాల జాతీయ కేంద్రం ఎన్‌బీఏఐఆర్ వాళ్లు వేరుపురుగు కోసమే హెటెరోరాబ్డిటిస్ ఇండికా అనే నులిపురుగుని నీళ్లలో కలిపే పొడిగా తయారుచేశారు, ఈ పని మన ఊళ్లోనే జరిగిందని చాలామందికి తెలియదు. ఇవి ప్రాణమున్నవి అని గుర్తుపెట్టుకోవాలి. ఎండ తగిలితే చస్తాయి కాబట్టి పొద్దు వాలాకే పోయాలి, ముందు లాన్ తడిపి ఉంచాలి, పోశాక మళ్లీ తడపాలి, పది రోజులు మట్టి ఆరిపోకూడదు. ప్యాకెట్ మీద తేదీ చూసి, షాపు వాడు దాన్ని ఎండలో పెట్టాడా అని అడిగి కొనండి. జూన్ చివర నుంచి ఆగస్టు మధ్య పిల్లలు చిన్నగా ఉంటాయి, అప్పుడు పోస్తేనే ఫలితం. అక్టోబరులో లావెక్కిన పురుగు మీద పోసి పనిచేయలేదనుకోవద్దు.

మాలి ఎవరైనా పాత ఫోరేట్ గుళికల ప్యాకెట్ తెచ్చి "చల్లేద్దాం సార్" అంటే గట్టిగా వద్దనండి. అది మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధం. క్లోర్‌పైరిఫాస్ కూడా పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తే గడ్డి మీద వేయాల్సిన మందు కాదు, అమెరికాలో 2000లోనే ఇళ్లలో దాని వాడకాన్ని దాదాపుగా ఆపించారు. పైగా ఈ మందులు వానపాముల్ని చంపుతాయి, వానపాములు పోతే మట్టి బిగిసిపోతుంది, బిగిసిన మట్టిలో నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిచిన చోటికి మళ్లీ పొడుగుకాళ్ల దోమలే వస్తాయి.

నీళ్ల లెక్క కూడా చెప్తాను. వానల్లేని రోజుల్లో చదరపు మీటరుకి వారానికి పాతిక లీటర్లు చాలు, అదీ రోజూ కొంచెం కొంచెం కాదు, రెండుసార్లు లోతుగా. మధ్యలో పై అంగుళం ఆరాలి, అప్పుడే వేరు కిందికి దిగుతుంది, వేరు దిగిన గడ్డి పురుగుని తట్టుకుంటుంది. 2024 మార్చిలో నీటి కరువొచ్చినప్పుడు బెంగళూరు నీటి సరఫరా బోర్డు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ తోటలకి తాగునీరు వాడితే ఐదు వేలు జరిమానా అని ఆర్డరు వేసింది. ఆ వేసవిలో మేం వారానికొకసారి, అదీ బట్టలు రెండోసారి జాడించిన నీళ్లే పెట్టాం, గడ్డి రంగు తగ్గింది కానీ చావలేదు, జూన్ జల్లులకి మళ్లీ లేచింది. కోసేటప్పుడు మరీ నేలకి అంటేలా గుండు కొట్టించకండి, ఒకసారికి ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు.

ఎండిపోయిన మచ్చల్ని బాగు చేయడానికి సిద్దాపుర నర్సరీల నుంచి కొత్త చాప కొననక్కర్లేదు. చచ్చిన గడ్డి గీరేసి, మిగిలిన పురుగుల్ని ఏరి, రెండంగుళాల లోతు మట్టిని రెండు రోజులు ఎండకి వదిలేయండి, ఆ రెండు రోజుల్లో గోరింకలు వచ్చి మిగతాది శుభ్రం చేసిపెడతాయి. తర్వాత లాన్ బాగున్న అంచునుంచి వేరుతో సహా గుప్పెడు గుప్పెడు తీసి అరచేతి దూరంలో నాటి, మధ్యలో ఎర్రమట్టీ ఇసుకా కలిపి చల్లి, పాదంతో మెత్తగా అదమండి. గరిక రకమైతే జూలైలో నాటినవి దసరాకల్లా కలిసిపోతాయి, మెక్సికన్ గ్రాస్ అయితే ఇంకో రెండు నెలలు అదనంగా పడుతుంది.