స్టార్చ్‌తో నీళ్లలోని రాగిని తీయడం: నా అనుభవం

నల్గొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మొక్కజొన్న స్టార్చ్‌ని సిట్రిక్ యాసిడ్‌తో మార్చి, కాపర్ సల్ఫేట్ నీళ్లలో కలిపాను. వడకట్టిన నీళ్లలో రాగి మిగిలిందో లేదో చూడ్డానికి అమోనియా వేస్తే (రాగి ఉంటే ముదురు నీలం వస్తుంది) మళ్లీ అదే ముదురు నీలం. పొడి రెట్టింపు చేశాను, రాత్రంతా కలిపాను, మెత్తగా నూరాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. యాసిడ్‌లో నానిన స్టార్చ్‌ని 50 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరబెట్టాకే ఓవెన్‌ని 130కి పెంచి 3 గంటలు ఉంచాను. తడి మీద వేడి చేస్తే జావలా ఉడికిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో చాలాసార్లు కడిగాను. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు, మిగిలిపోయిన సిట్రిక్ యాసిడ్ రాగిని పట్టుకుని నీళ్లలోనే ఉంచేస్తుంది. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది: పలచటి వంటసోడా నీళ్లలో నానబెట్టి, మళ్లీ బాగా కడిగాను. సిట్రిక్ యాసిడ్ వల్ల స్టార్చ్‌కి చేరిన, రాగిని పట్టే కార్బాక్సిల్ (ఆమ్ల) గ్రూపుల మీద హైడ్రోజన్ పోయి సోడియం చేరుతుంది, దాని చోటు రాగి తేలిగ్గా తీసుకుంటుంది. కాపర్ నీళ్ల పీహెచ్ 5 దగ్గర ఉంచాను. 6 దాటితే రాగి హైడ్రాక్సైడ్‌గా అడుగుకు చేరుతుంది, స్టార్చే పట్టిందని పొరపడతాం. ఈసారి నీలం దాదాపు కనబడలేదు, ఎంత సంతోషమేసిందో!

మన బోరు నీళ్లలోనూ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను, కాల్షియం, మెగ్నీషియం పోటీకొస్తాయి. ఫ్లోరైడ్ రుణ అయాన్ కాబట్టి దానికి ఈ పొడి మీద ఆశ పెట్టుకోకండి. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి వేరు.