వానలకు ముందే చూసుకోవాల్సిన పాత మౌల్డింగ్ చిత్రికలు: జాగ్రత్తలు

నెల్లూరు, ప్రకాశం వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. గుమ్మాలకు, కిటికీ రెక్కలకు అంచున వంపులు (మౌల్డింగ్) తీసే పాత కొయ్య చిత్రికలు ఇంట్లో ఉంటే, వాటిని విప్పి, నూరి, నూనె పట్టించే పని సెప్టెంబరులోనే ముగించాలి. రోహిణి ఎండలకు ఎండిపోయిన కొయ్య వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది. బ్లేడును బిగించే చీలను గట్టిగా దిగ్గొట్టి వదిలేస్తే అది ఉబ్బి, దిమ్మను (చిత్రిక కొయ్య మొద్దును) లోపలి నుంచి నెడుతుంది. మౌల్డింగ్ చిత్రికలో పొట్టు పక్కకు పోవడానికి దిమ్మను ఒకవైపు కోసేసి ఉంటారు. మిగిలిన సన్నటి గోడే ముందు చీలుతుంది. అందుకే వాన పడే రోజుల్లో వాడనప్పుడు చీలను వేలితో కదిలేంత వదులుగా ఉంచాలి.

విప్పేటప్పుడు చీల తల కింద ఉలి పెట్టి మీటకూడదు. పాత చీలలు ఎక్కువగా ఆ మెడ దగ్గరే విరుగుతాయి. చిత్రికను ఎడమ చేత్తో పట్టుకుని, బ్లేడు జారి కింద పడకుండా బొటనవేలితో ఆనించి, వెనక కొస మీద కొయ్య సుత్తితో తట్టాలి. రెండు మూడు దెబ్బలకు రాకపోతే ఆపేయండి. అది తేమకు ఉబ్బి ఉంటుంది. గాలి ఆడే నీడలో నాలుగైదు రోజులు ఉంచితే దానంతటదే సడలుతుంది. తొందరపడి ఎండలో పెడితే దిమ్మ కొసలు పగుళ్లు తీస్తాయి.

అడుగు భాగాన్ని గరుకు కాగితంతో రుద్దడం అన్నిటికన్నా పెద్ద తప్పు. శుభ్రమైనట్టే కనిపిస్తుంది గానీ వంపు ఆకారం మారిపోతుంది, బ్లేడుకూ అడుగుకూ పొంతన పోతుంది. టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. ముందు కొసన చేసినవారి ముద్ర ఉంటే దాన్ని గోకొద్దు.

తుప్పు పట్టిన బ్లేడును మాత్రమే, కొయ్యను కాదు, మామూలు వంట వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచండి. అంతకు మించితే అంచు గుంటలు పడుతుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి, మిషన్ ఆయిల్ రాయాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పగా ఉండే బోరు నీళ్లతో కడిగితే మర్నాటికే కొత్త తుప్పు వస్తుంది. అక్కడ తాగే నీళ్లు వాడండి. సానరాయి మీద నీళ్లకు బదులు కిరోసిన్ వేయడం మేలు.

నూరడంలో ఎక్కువమంది పొరపాటు పడేది లెక్క దగ్గర. బ్లేడు ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి, అడుగున ఉన్న వంపును కాగితం మీద గీసి బ్లేడు మీదికి దింపితే సరిపోదు. 50 డిగ్రీల వాలులో ఉన్న బ్లేడు మీద వంపు లోతు సుమారు 1.3 రెట్లు ఉండాలి, అంటే అడుగున 10 మిల్లీమీటర్ల లోతుకు బ్లేడు మీద 13. 45 డిగ్రీలైతే 14 దాకా పోతుంది. వెడల్పు మాత్రం మారదు. లెక్క కట్టడం కన్నా తేలిక పద్ధతి: బ్లేడు చదును ముఖానికి నల్ల మార్కర్ పూసి, దాన్ని దిమ్మలో కొద్దిగా బయటికి వచ్చేట్టు పెట్టి, చీలను లేతగా బిగించి, అడుగు వంపు వెంబడే సూదితో గీయండి. ఆ గీత దాకా అంచును ముందు నిలువుగా అరగదీసి, ఆ తర్వాతే 30 డిగ్రీల పదును వాలు తీయాలి. వాలు ముందే తీస్తే గీత దగ్గర అంచు పల్చబడి, ముక్కలుగా రాలుతుంది.

చిన్న ఆకురాయి బ్లేడు మీద జారిపోతుంటే ఉక్కు గట్టిగా ఉందని అర్థం. డైమండ్ ఆకురాయి వాడండి. గ్రైండర్ తప్పనిసరైతే రెండు మూడు క్షణాలకోసారి నీళ్లలో ముంచాలి. వంపు కొనలు సన్నగా ఉంటాయి, అవే ముందు వేడెక్కుతాయి. నీలిరంగు తిరిగిందంటే అక్కడ పదును నిలవదు, అంత మేర అరగదీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. రక్షణ కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ జోలికి పోవద్దు.

లోపలి వంపులకు గుండ్రటి కర్రపుల్లకు 400, 800, 1500 నంబరు వాటర్ పేపర్లు వరసగా చుట్టి రుద్దండి. చదును ముఖాన్ని ఎప్పుడూ చదునైన రాయి మీదే, పూర్తిగా ఆనించి రుద్దాలి. అంచున లేచిన ముళ్లు అక్కడే పోతాయి. ముడులు లేని టేకు ముక్క మీద పరీక్షించండి. పొట్టు ఒకవైపే వస్తే ఆవైపు అంచు ఎత్తుగా ఉన్నట్టు. పొట్టు చిత్రిక నోట్లో (బ్లేడు ముందుండే సందులో) ఇరుక్కుంటే బ్లేడును అనుమానించే ముందు చీల కింది కొస బ్లేడుకు ఆనుతోందో లేదో చూడండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

అవిసె నూనె పల్చగా, బయటి కొయ్యకు మాత్రమే. చీల కూర్చునే గాడిలో పడితే చీల జారిపోతుంది, ఎంత కొట్టినా నిలవదు. చిత్రికను నూనెలో నానబెట్టే అలవాటు మంచిది కాదు: ఆరని నూనె మీద వానాకాలంలో బూజు పడుతుంది. నూనె గుడ్డలను ఉండ చేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి మండుకోగలవు. విప్పి ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో వేయండి.

దసరా ఆయుధ పూజ సరిగ్గా ఈ కాలంలోనే వస్తుంది. తడి పసుపు, కుంకుమ బ్లేడు మీద పెట్టి మర్చిపోతే బొట్టు ఆకారంలోనే తుప్పు దిగుతుంది. బొట్టు దిమ్మకు పెట్టండి, దేవుడికి అభ్యంతరం ఉండదు.

దాచేముందు దిమ్మకు సన్నటి రంధ్రాలు, కింద తాజా పిండి కనిపిస్తే పురుగు ఉన్నట్టే. పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది. పెట్టెను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా, చెదలు ఎక్కని ఎత్తులో ఉంచాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు లోతట్టు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, కాబట్టి అలాంటి చోట్ల పెట్టెను అటక మీదికి చేర్చండి.

చిత్రిక నీళ్లలో మునిగితే వెంటనే బ్లేడు, చీల వేరుచేసి, బ్లేడు తుడిచి నూనె రాయండి. దిమ్మను రెండు పక్కలా గాలి తగిలేట్టు నీడలో నిలబెట్టి కొన్ని వారాలు ఆరనివ్వండి. ఆరాక అడుగు వంపు కాస్త మారి ఉండొచ్చు. చీల బిగించే ముందు మార్కర్ పూసి మరోసారి గీసి చూసుకోండి.