‘గెట్ స్మార్ట్’ ఇప్పుడు మొదటిసారి చూస్తున్నారా? ఇలా చూడండి

అరవై ఏళ్ల నాటి ఈ అమెరికన్ గూఢచారి కామెడీ చాలామందికి మధ్యలోనే విసుగు పుట్టించడానికి కారణం ఒక్కటే: ఒకే రాత్రి ఏడెనిమిది ఎపిసోడ్లు చూసేయడం. 1965 నుంచి 1970 వరకు వారానికొకటి చొప్పున వచ్చిన సీరియల్ ఇది. మొత్తం 138 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 25 నిమిషాలు. అవే ఊతపదాలు, అవే పొరపాట్లు మళ్లీ మళ్లీ వస్తాయి, నవ్వంతా అందులోనే ఉంది. కొన్నాళ్లు ఆగి వింటే పాత చుట్టం ఇంటికొచ్చినట్టుంటుంది. గంటకు మూడుసార్లు వింటే మొహం మొత్తుతుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చూడండి.

ముందుగా, ఇది దేన్ని ఆటపట్టిస్తోందో తెలియాలి. జేమ్స్ బాండ్ సినిమా ఒక్కటి చూసినా చాలు. 1966లో వచ్చిన కృష్ణ ‘గూఢచారి 116’ గుర్తున్నా సరిపోతుంది, అదీ ఆ బాండ్ గాలిలో పుట్టిందే.

తర్వాత మొదటి ఎపిసోడ్. ఇదొక్కటే బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటుంది, ప్రింట్ పాడైందనుకోకండి. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ కలిసి రాసిన ఈ అరగంటలోనే సీరియల్ సరంజామా అంతా ఉంది: బూటులో మోగే ఫోన్, ఏజెంట్ 86 మాక్స్‌వెల్ స్మార్ట్‌గా డాన్ ఆడమ్స్, అతని కన్నా తెలివైన ఏజెంట్ 99గా బార్బరా ఫెల్డన్.

ఇందులో రెండు చోట్ల ఆగి, వెనక్కి తిప్పి చూడండి. ఒకటి, విలన్ ముందు స్మార్ట్ కోసే కోతలు. ఏడు కోస్ట్ గార్డ్ నౌకలు చుట్టుముడుతున్నాయంటాడు. నమ్మకపోతే ఆరంటాడు. చివరికి తెడ్ల పడవలో ఇద్దరు పోలీసులంటాడు. బేరంలో ధర దిగినట్టు అబద్ధం దిగుతుంది గానీ గొంతులో ధీమా రవ్వంత కూడా తగ్గదు. ఆ గొంతు మీదే చెవి పెట్టండి. రెండోది, ‘కోన్ ఆఫ్ సైలెన్స్’. రహస్యం బయటికి పొక్కకుండా పైకప్పు నుంచి దిగే పారదర్శకమైన ప్లాస్టిక్ గుమ్మటాలు. లోపల కూర్చున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ యంత్రం పనిచేయదని స్మార్ట్ పై అధికారి చీఫ్‌కు తెలుసు, అతను మాత్రం రూలు రూలే అంటాడు. ప్రభుత్వాఫీసు చూసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది, సీరియల్ ఇన్నేళ్లు నిలిచింది కూడా ఇందుకే. తుపాకులు పాతబడ్డాయి, ఆ రూలు పాతబడలేదు.

తెలుగు డబ్బింగ్ కోసం వెతక్కండి, మాటల విరుపులు పోతాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. చెప్పిన మాటను మక్కీకి మక్కీ పాటించే రోబో హైమీ వచ్చినప్పుడు అవి తప్పనిసరి.

మొదటి మూడు సీజన్లు వరుసగా చూడండి. రెండో సీజన్లో వచ్చే విలన్ సీగ్‌ఫ్రీడ్‌ను వదలొద్దు. నాలుగో సీజన్లో, 1968 నవంబరులో, 86కీ 99కీ పెళ్లవుతుంది. అయిదోది అంత బిగువుగా ఉండదు, ఏరుకుని చూడొచ్చు.

ఆటోప్లే తప్పకుండా ఆపేయండి. ప్రతి ఎపిసోడ్ మొదటి టైటిల్స్‌లో వరుసగా తెరుచుకునే తలుపులు చివరి టైటిల్స్‌లో స్మార్ట్ తిరిగి వచ్చేటప్పుడు మూసుకుంటాయి. వాటిలో ఒకటి సరిగ్గా అతని ముక్కు మీద పడుతుంది. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైతే అది మీకు కనపడదు.