లేఖనం, సంప్రదాయం: ఇరుపక్షాల వాదనను పరిశీలించే విధానం

విశ్వాసానికి ప్రమాణం లేఖనం (బైబిలు) మాత్రమేనా, సంఘంలో తరతరాలుగా వచ్చిన సంప్రదాయం కూడానా అన్న విషయంలో ప్రొటెస్టెంట్, కథోలిక వేదాంతాలను పోల్చి వ్యాసం రాయదలచినవారు మొదట చేయవలసిన పని, ఒక పక్షం గురించి మరొక పక్షం చెప్పే మాటలను పక్కన పెట్టి, ప్రతి పక్షం తన పత్రాలలో తానే రాసుకున్నదాన్ని చదవడం. కథోలికుల వైపు ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న చేసిన నిర్ణయం, రెండవ వాటికన్ మహాసభ 1965లో దైవప్రకటన గురించి వెలువరించిన 'దేయి వెర్బుమ్' (దేవుని వాక్యం) అనే పత్రం. ప్రొటెస్టెంట్ల వైపు ఆంగ్లికనుల (ఇంగ్లండు సంఘం వారి) 39 సూత్రాలలో ఆరవది, ప్రెస్బిటేరియనులు అనుసరించే వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలో మొదటి అధ్యాయం ఉంటే చాలు.

ట్రెంట్ నిర్ణయంలో ఒక చిన్న పదం దగ్గర ఆగాలి. సత్యం కొంత గ్రంథాలలో, కొంత అలిఖిత సంప్రదాయాలలో ఉన్నదని చిత్తుప్రతి అనగా, తుదిపాఠం 'కొంత, కొంత' అన్న మాటలు తీసివేసి 'గ్రంథాలలోను, సంప్రదాయాలలోను' అని మాత్రమే అన్నది. అందువల్ల 'సగం బైబిలు, సగం సంప్రదాయం' అన్నదే కథోలిక సిద్ధాంతమని రాయడం తొందరపాటు. పోపు, బిషప్పుల బోధనాధికారం దేవుని వాక్యానికి పైది కాదని, దానికి సేవచేసేదని 'దేయి వెర్బుమ్' చెబుతుంది. అలాగే 'లేఖనం మాత్రమే' అన్న ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, కాల్విన్‌లు పూర్వ సంఘపితరులను (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులను) పారవేయలేదు; అగస్టీనును పదేపదే ఉదాహరించారు. కనుక పేచీ సంప్రదాయం ఉండాలా వద్దా అన్నది కాదు, వ్యాఖ్యానంలో తుదితీర్పు ఎవరిదన్నది.

తరువాత బైబిలులో 'సంప్రదాయం' అన్న మాటకు మూలపదాన్ని వెదకాలి. తెలుగు పాఠకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గ్రీకులో 'పరదోసిస్' (అప్పగించబడినది, సంప్రదాయం) అన్న ఒకే మాట మన పాత తెలుగు బైబిలు అనువాదంలో మత్తయి 15లో 'పారంపర్యాచారము', 1 కొరింథీయులు 11:2లో 'కట్టడలు', 2 థెస్సలొనీకయులు 2:15లో 'విధులు' అయింది. యేసు తప్పుపట్టినచోట ఒక పేరు, పౌలు చేపట్టమన్నచోట వేరే పేర్లు! తెలుగు బైబిలు పదసూచికను (ఏ మాట ఎక్కడెక్కడ ఉందో చూపే పట్టికను) మాత్రమే నమ్ముకుంటే ఈ మూడింటి బంధుత్వం కనబడదు కాబట్టి, వాటిని పక్కపక్కన రాసుకున్న తరువాతే చర్చకు దిగాలి.

చివరగా ఒక సిద్ధాంతాన్ని తీసుకొని పరీక్షించాలి. పన్నెండవ పయస్ పోపు 1950లో ప్రకటించిన మరియమాత మోక్షారోపణ (ఆమె శరీరంతో పరలోకానికి ఎత్తబడిందన్న సిద్ధాంతం) విషయంలో, దీనికి లేఖనాధారం ఏది, దీన్ని నిశ్చయించినది ఎవరు, ఆ నిశ్చయాన్ని సరిదిద్దగలవారు ఉన్నారా అని అడగాలి. ఇవే ప్రశ్నలను శిశు బాప్తిస్మం విషయంలో ప్రొటెస్టెంట్లనూ అడగాలి. ఎందుకంటే గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు 'లేఖనం మాత్రమే' అంటూనే, అందులో మొదటివారు పసిపిల్లలకు బాప్తిస్మమిస్తారు, రెండవవారు ఇవ్వరు.